ఎజార్డ్ చార్ల్స్‌ని మనవాళ్లు ఎవరూ ఎందుకు లెక్కలోకి తీసుకోరు?

నైట్‌షిఫ్ట్‌వాలా (బల్లార్షా)
పోయిన వారం ఇక్కడ బాక్సింగ్ హెవీవెయిట్ టాప్ టెన్ అడిగితే అందరూ పోటీలు పడి రాశారు. అలీ, జో లూయిస్, మార్సియానో, ఫోర్‌మన్, హోమ్స్, టైసన్. అంతవరకు గొడవ లేదు. ఒకాయనైతే నాలుగు రౌండ్ల పొట్టి ఫైట్లాడే బటర్‌బీన్‌ని కూడా ఎక్కించాడు (సీనూ, నీ గురించే). ఎజార్డ్ చార్ల్స్ పేరు మాత్రం ఒక్కరు కూడా రాయలేదు.

నాకిది మింగుడు పడటం లేదు. 1949 నుంచి 1951 దాకా ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్. టైటిల్‌ని 8 సార్లు నిలబెట్టుకున్నాడు. జో లూయిస్‌ని 15 రౌండ్లు ఆడించి జడ్జీలందరి చేతా గెలుపు రాయించుకున్నాడు. ఆర్చీ మూర్‌తో మూడుసార్లు తలపడితే మూడుసార్లూ ఇతనిదే గెలుపు. మార్సియానోతో 15 రౌండ్లూ నిలబడ్డ మనిషి ఇతనొక్కడే. ఇంత చేసిన మనిషి పేరు మనకు గుర్తు రాదు, అమెరికాలో మామూలు అభిమానికీ గుర్తు రాదంటారు. రాత్రి డ్యూటీలో పంపు దగ్గర కూర్చుని పాత ఫైట్లు చూడటం నా అలవాటు (మా మేనేజర్ ఈ ఫోరంలో లేడన్న ధైర్యంతో రాస్తున్నా). చూసినకొద్దీ ఇతను నాకు పైపైకి వెళ్తున్నాడు. మీరంతా కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

సిరోంచ సీను
బటర్‌బీన్ జోలికి రావద్దు. నాలుగు రౌండ్ల రారాజు ఆయన. మీ హోమ్స్ ఆఖరి ఫైట్ 2002లో ఎవరితో ఆడాడో ఒకసారి చూసుకోండి.

48డిగ్రీలు (చంద్రపూర్)
చార్ల్స్ వీడియో ఇప్పుడే చూశా. బాగానే ఆడాడు గానీ 82, 83 కిలోల మనిషి హెవీవెయిట్ ఏంటి? టైసన్ ముందు రెండు రౌండ్లు నిలబడడు.

నైట్‌షిఫ్ట్‌వాలా
టైసన్ ముందు రెండు రౌండ్లు నిలబడనివాళ్లతో మీ టాప్ టెన్ సగం నిండింది తమ్ముడూ. దాంతో తేలేదేం లేదు.

లెక్కలసార్ (చంద్రపూర్)
ఎవరో ఒకరు చల్లనీళ్లు పొయ్యాలి కాబట్టి నేను పోస్తాను.

ఒకటి, 25 ఓటములు. టాప్ టెన్‌లో ఉన్నవాళ్లలో అన్ని ఓటములు ఎవరికున్నాయో చెప్పండి. రెండు, జో లూయిస్ మీద గెలుపు. 1949లో రిటైరైన మనిషి పన్ను బకాయిలు కట్టలేక 1950 సెప్టెంబరులో తిరిగి రింగ్ ఎక్కాడు. వయసు 36. కాళ్లు కదలని లూయిస్ మీద గెలవడం ఘనకార్యమేమీ కాదు. మూడు, జెర్సీ జో వాల్కాట్‌తో నాలుగుసార్లు ఆడి రెండు గెలిచి రెండు ఓడాడు. 1951 జూలైలో పిట్స్‌బర్గ్‌లో ఏడో రౌండ్లో వాల్కాట్ ఎడమ చేత్తో పడేశాడు, అప్పటికి వాల్కాట్‌కి 37 ఏళ్లు. ఫోర్‌మన్ 1994లో బద్దలు కొట్టేదాకా అంత వయసులో ఆ టైటిల్ గెలిచినవాడు లేడు. అంటే చార్ల్స్ ఒక ముసలాయన మీద గెలిచి పేరు తెచ్చుకున్నాడు, ఇంకో ముసలాయన చేతిలో ఓడి పోగొట్టుకున్నాడు. నాలుగు, మార్సియానోతో రెండుసార్లు ఆడి రెండుసార్లూ ఓడాడు.

మంచి చాంపియన్, అందులో అనుమానం లేదు. ‘మరిచిపోయిన మహావీరుడు’ అని బోర్డు కట్టడమే నాకు నచ్చదు.

సిరోంచ సీను
సార్ చల్లనీళ్లు అన్నారు గానీ బకెట్‌తో సహా విసిరారు.

కిన్వట్ కవిత
మాస్టారూ, మీ నాలుగు పాయింట్లూ హెవీవెయిట్ గురించే. చిక్కంతా అక్కడే ఉంది. అతను పుట్టుకతో హెవీవెయిట్ కాదు. అతని అసలు ఆట 1941 నుంచి 1948 దాకా మిడిల్‌వెయిట్‌లో, లైట్ హెవీవెయిట్‌లో నడిచింది. లైట్ హెవీ అంటే 175 పౌండ్లు, మన లెక్కలో 79 కిలోల చిల్లర. ఆ కాలంలో ఎవరిని కొట్టాడో చూడండి.

1942లో, ఇంకా 21 ఏళ్లు నిండకముందే, నెల రోజుల తేడాతో చార్లీ బర్లీని రెండుసార్లు ఓడించాడు. బర్లీ అంటే పెద్ద పెద్ద చాంపియన్లు పిలిచినా రింగ్‌లోకి రాకుండా తప్పుకున్న మనిషి. జీవితంలో ఒక్క ప్రపంచ టైటిల్ ఫైట్ కూడా దక్కలేదు అతనికి. ఆర్చీ మూర్‌ని ఈ బర్లీ 1944లో చిత్తుగా ఓడించాడు. ఇక ఆ 1942లోనే, జనవరిలో, మాజీ చాంపియన్ క్రిస్టోఫొరిడిస్‌ని చార్ల్స్ మూడు రౌండ్లలో ముగించాడు. జోయీ మాక్సిమ్‌ని రెండుసార్లు ఓడించాడు.

1943 మొదట్లో జిమ్మీ బివిన్స్ చేతిలో, లాయిడ్ మార్షల్ చేతిలో దెబ్బతిన్నాడు, కాదనను. మార్షల్ అయితే ఎనిమిదో రౌండ్లో ఆపించాడు. తర్వాత యుద్ధం, సైన్యం. 1946లో తిరిగొచ్చాక ఏం చేశాడంటే మార్షల్‌ని రెండుసార్లు నాకౌట్ చేశాడు. బివిన్స్‌ని వరసగా ఓడిస్తూ పోయాడు, నాకౌట్‌తో సహా. మూర్‌ని 1946లో, 1947లో పాయింట్ల మీద, 1948 జనవరిలో ఎనిమిదో రౌండ్ నాకౌట్‌తో. ఓడించినవాణ్ని వెతుక్కుంటూ వెళ్లి బాకీ తీర్చుకున్న బాక్సర్లు ఎంతమంది ఉన్నారు సార్?

ఇక ఆ బరువులో బెల్ట్ సంగతి. 1948 జూలై దాకా గస్ లెస్నెవిచ్ దగ్గర ఉంది. 1950 జనవరిలో మాక్సిమ్ చేతికి వచ్చింది. 1952 డిసెంబరులో ఆర్చీ మూర్‌కి వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. మాక్సిమ్‌ని చార్ల్స్ మొత్తం ఐదుసార్లు ఓడించాడు. మూర్‌ని మూడుసార్లు. లెస్నెవిచ్‌ని 1949లో. కానీ ఆ టైటిల్ కోసం ఆడే అవకాశం ఇతనికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు! లైట్ హెవీవెయిట్ చరిత్రలో అందరికంటే గొప్పవాడని చాలామంది చరిత్రకారులు ఇతన్నే అంటారు, ఇతని చేతికి ఆ బెల్ట్ ఒక్కరోజు కూడా రాలేదు. టాప్ టెన్ హెవీవెయిట్ లిస్టులో కనబడలేదంటే కనబడదు మరి. మనం వెతికే అల్మరాయే వేరు.

నైట్‌షిఫ్ట్‌వాలా
కవితక్కా, ఇది నేను రాయాల్సిన పోస్టు.

48డిగ్రీలు
మొత్తం చదివా. పేర్లన్నీ బాగున్నాయి. వీడియో లింక్ ఏదీ? మూర్‌తో ఆడిన మూడింటిలో ఒక్కటైనా చూపించండి.

కిన్వట్ కవిత
నేను ఎంత వెతికినా దొరకలేదు. దొరికితే ఇల్లంతా పిలిచి చూపిస్తా.

లెక్కలసార్
అదీ సంగతి. చూడని ఆటకు దండలు వేస్తున్నాం. పైగా బర్లీ వెల్టర్‌వెయిట్, మిడిల్‌వెయిట్ మనిషి. చార్ల్స్ అతనికంటే పెద్ద ఒళ్లున్నవాడు. లూయిస్ విషయంలో ‘చార్ల్స్ చిన్నవాడు’ అంటారు, బర్లీ దగ్గరికొస్తే బరువు మాట ఎత్తరు. ఒకే తక్కెడ వాడండి అమ్మా.

కిన్వట్ కవిత
ఆ మాట ఒప్పుకుంటా సార్. బర్లీ మీద బరువు చార్ల్స్‌కి కలిసొచ్చింది. కానీ ఇంకా బడి చదువు వయసులో ఉన్న కుర్రాడికీ అప్పటికే ఆరితేరిన బర్లీకీ ఉన్న అనుభవం తేడాని కూడా అదే తక్కెడలో వెయ్యండి.

తాలీం తాత (నాందేడ్)
వీడియో లేకపోతే ఆట లేనట్టేనా బాబూ? మా ఉస్తాద్‌ కుస్తీ ఒక్కటీ ఎవరూ తియ్యలేదు. ఆయన చేతిలో చిత్ అయినవాళ్లు చెప్తే తెలుసుకున్నాం. ఓడినోడి మాటకంటే పెద్ద సాక్ష్యం లేదు. గెలిచినోడు ఎలాగూ తన గొప్పే చెప్పుకుంటాడు.

ఖాశాబా జాధవ్‌నే చూడండి. సతారా పైల్వాన్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కంచు పతకం. స్వతంత్ర భారతంలో ఒక్కడిగా ఆడి పతకం తెచ్చిన మొదటి మనిషి. 1984లో పోయాడు. అర్జున అవార్డు ఇచ్చింది ఆయన పోయిన చాన్నాళ్లకు. ఆ కుస్తీ మీలో ఎందరు చూశారు? చూడలేదు కదా అని పతకం వెనక్కి తీసుకుంటారా?

సిరోంచ సీను
తాత వచ్చాడంటే ఎర్రమట్టి ఫోరం దాకా వస్తది.

తాలీం తాత
వస్తది. ఒంటికి మంచిది కూడా.

48డిగ్రీలు
తాతా, ఒలింపిక్స్‌కి రికార్డు ఉంది, పతకం ఉంది. నేను అడిగేది నైపుణ్యం గురించి. ఫుట్‌వర్క్, డిఫెన్స్, ఇవి చూడకుండా ఎలా చెప్తాం?

రాజురా కోచ్
చూసి చెప్పేవి కూడా ఉన్నాయి. 1950 సెప్టెంబరు 27, యాంకీ స్టేడియం, లూయిస్ ఫైట్. దాన్ని నేను పిల్లలకు పాఠం చెప్పడానికి ఆపి ఆపి చూస్తుంటా. లెక్కలసార్ అన్నట్టు లూయిస్ అప్పటికి పాతబడ్డాడు, నిజమే. కానీ పాతబడ్డ లూయిస్ జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే దెబ్బ) కూడా గోడకు గునపం దిగినట్టు దిగేది. చార్ల్స్ కంటే 30 పౌండ్లకు పైగా బరువు ఎక్కువ. అలాంటివాడి ముందు తేలికైనోడు మామూలుగా ఏం చేస్తాడు? దూరంగా పరిగెడతాడు. చార్ల్స్ పరిగెత్తడు. చెయ్యి చాపితే తగిలే దూరంలోనే ఉంటాడు. ఆ దూరంలో ఉండి దెబ్బ తినకపోవడం అన్నిటికంటే కష్టమైన పని, గ్లవ్స్ తొడుక్కున్నవాళ్లకు తెలుస్తుంది.

కాళ్లు చూడండి. జాబ్ వేసిన చెయ్యి గడ్డం దగ్గరికి వచ్చేలోపే ఒంటిని చిన్నగా పక్కకి తిప్పేస్తాడు. లూయిస్ కుడి చెయ్యి దించేసరికి అక్కడ మనిషి ఉండడు. ఎగరడు, గంతులెయ్యడు, జానెడు జరుగుతాడు అంతే. భుజంతో కొట్టబోయినట్టు చూపిస్తాడు, లూయిస్ గార్డ్ కదులుతుంది, ఆ సందులో పొట్ట మీద ఒకటి, వెంటనే పైకి ఒకటి. ఫైట్ అయ్యేసరికి లూయిస్ ముఖం వాచిపోయింది. మా పిల్లలు రోజూ చేసే తప్పు ఏంటంటే, ఒక దెబ్బ తగలగానే అక్కడే నిలబడి తగిలిందా లేదా అని చూస్తారు. దాన్ని మాన్పించడానికి ఈ వీడియో పనికొచ్చినంతగా నా కేకలు పనికిరాలేదు.

48డిగ్రీలు
ఇప్పుడు మళ్లీ చూస్తా. కరెంటు ఉంటే.

ధర్మాబాద్ ఫిజియో
బరువు తరగతి గొడవ చదువుతుంటే నాకు మన నిఖత్ జరీన్ గుర్తొచ్చింది. మాకు నిజామాబాద్ ఎంతో దూరం కాదు, బాసర దాటితే వచ్చేసినట్టే. మా పాప అక్కడి అకాడమీకి వెళ్తుంది కాబట్టి ఇంట్లో రోజూ నిఖత్ ముచ్చటే. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది 52 కిలోల్లో. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ తరగతి లేదు. 50కి దిగాలి, లేదా 54కి ఎక్కాలి. ఆమె 50కి దిగి 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్ కొట్టింది. పారిస్‌లో మాత్రం ప్రీ క్వార్టర్స్‌లోనే చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడిపోయింది. ఓడిన రోజు మా ఊళ్లో ‘ఇంతేనా’ అన్నవాళ్లు ఉన్నారు. రెండు కిలోలంటే వినడానికి ఏముంది? ఒంట్లో కొవ్వే లేని మనిషి రెండు కిలోలు దించాలంటే నీళ్లు కూడా మానుకోవాలి. తరగతులు గీసేవాళ్లు ఎవరో, ఆ గీతల మధ్య పేరు తెచ్చుకోవాల్సింది ఇంకెవరో.

చార్ల్స్‌ది తిరగేసిన కథ. తన బరువులో ఆడనివ్వలేదు, పైకి ఎక్కాల్సి వచ్చింది.

లెక్కలసార్
ఫిజియో గారూ, ‘ఆడనివ్వలేదు’ అన్నది సగం నిజం. హెవీవెయిట్‌లో డబ్బు ఎక్కువ కాబట్టి కూడా వెళ్లాడు. లూయిస్ రిటైరైన తర్వాత ఖాళీ పడ్డ టైటిల్ కోసం 1949 జూన్‌లో షికాగోలో వాల్కాట్‌తో ఆడాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

కిన్వట్ కవిత
డబ్బు కోసం ఆడాడు, సరే. ప్రొఫెషనల్ అంటే అదే కదా సార్. మీరు ట్యూషన్ ఊరికే చెప్తారా?

లెక్కలసార్
మా ఆవిడ కూడా ఇదే అడుగుతుంది.

తాలీం తాత
ఇంకో మాట చెప్పండి. మంచి ఆటగాడు, చాంపియన్ కూడా. మరి జనం ఎందుకు నెత్తిన పెట్టుకోలేదు?

నైట్‌షిఫ్ట్‌వాలా
లూయిస్‌ని కొట్టినందుకే తాతా. లూయిస్ అంటే అమెరికాలో దేవుడు. 1937 నుంచి 1949 దాకా చాంపియన్, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఆయన వదిలిన కుర్చీలో చార్ల్స్ కూర్చుంటే, వాల్కాట్ మీద గెలిచినా న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ చాంపియన్ అని ఒప్పుకోలేదు. సరే అని లూయిస్‌నే ఓడించాడు, అప్పుడు ఒప్పుకున్నారు. జనానికి మాత్రం మనసు విరిగింది. ఓడిస్తే తప్ప చాంపియన్ కాదంటారు, ఓడిస్తే మా దేవుణ్ని కొట్టావంటారు. చార్ల్స్‌కి కూడా చిన్నప్పటి నుంచి లూయిస్ అంటే అభిమానమే, అది ఇంకో బాధ.

పైగా మనిషి నెమ్మది. గొప్పలు చెప్పడు, ఎవర్నీ తిట్టడు. ఖాళీ దొరికితే డబుల్ బేస్ వాయించేవాడట. పేపర్లవాళ్లకు అలాంటోడితో పనేముంటుంది?

సిరోంచ సీను
డబుల్ బేస్ వాయిస్తాడా! ముందే చెప్తే నా లిస్టులో బటర్‌బీన్ పక్కనే పెట్టేవాణ్ని కదన్నా.

రాజురా కోచ్
జనం మెచ్చకపోవడానికి ఇంకో కారణం చెప్తారు. 1948 ఫిబ్రవరిలో షికాగోలో శామ్ బరౌడీ అనే కుర్రాడితో ఆడాడు. పదో రౌండ్లో నాకౌట్. ఆ కుర్రాడు చనిపోయాడు. చార్ల్స్ బాక్సింగే మానేద్దామనుకున్నాడు. ఆ తర్వాత ఆటలో కసి తగ్గింది, ఎదుటివాడు తూలుతుంటే ముగించకుండా వెనక్కి తగ్గేవాడు అంటారు. జనం నాకౌట్ కోసం వస్తారు, ఇతను పాయింట్లు తీసుకుని ఇంటికెళ్తాడు.

కిన్వట్ కవిత
అది అందరూ చెప్పే మాటే గానీ నాకు పూర్తిగా నమ్మకం లేదు కోచ్ గారూ. బరౌడీ పోయిన మూడు నెలలకే ఎల్మర్ రేని తొమ్మిదో రౌండ్లో నాకౌట్ చేశాడు. 1947లో తనను వివాదాస్పదంగా ఓడించిన రేనే. అదే ఏడాది చివర్లో జో బాక్సీని పదకొండో రౌండ్లో ఆపాడు. కసి అంతా చచ్చిపోయిన మనిషి చేసే పనులేనా ఇవి? తనకంటే బరువైనవాళ్లతో ఆడుతున్నప్పుడు ఎవరైనా ఆచితూచే ఆడతారు. దానికి మనసు కారణమా, తూకం కారణమా అని విడదీయడం కష్టం.

రాజురా కోచ్
విడదీయలేం అన్నది నిజం. కానీ నేను రింగ్ పక్కన నిలబడే మనిషిని. మా దగ్గర స్పారింగ్‌లో (సాధన ఫైట్‌లో) ఒక పిల్లాడు ఇంకో పిల్లాడి ముక్కు పగలగొట్టాడు, చిన్న గాయమే, వారంలో తగ్గిపోయింది. కొట్టినోడు మాత్రం ఆ తర్వాత చాన్నాళ్లు దెబ్బ వేసేముందు ఒక్క క్షణం ఆగేవాడు. వాడికే తెలియదు ఆగుతున్నట్టు. ముక్కుకే అలా ఉంటే ప్రాణం పోయినప్పుడు ఏమీ కాలేదంటే నేను నమ్మను. నాకౌట్‌లు ఆ తర్వాత కూడా వచ్చి ఉండొచ్చు, ఆ క్షణం లెక్కల్లో కనబడదు.

లెక్కలసార్
ఇది మంచి పోస్టు. లెక్కల్లో కనబడనిది ఉందని నేను కూడా అంటాను, మా హెడ్‌మాస్టర్‌కి చెప్పకండి.

సరే, మార్సియానో సంగతి? రెండు ఓటములు కదా.

నైట్‌షిఫ్ట్‌వాలా
ఓటములే. కానీ ఎలాంటివో చూడండి సార్. 1954 జూన్ 17, మొదటిది. నాలుగో రౌండ్లో మార్సియానో కంటి మీద చీల్చాడు. 15 రౌండ్లూ కొట్టుకున్నారు. మార్సియానో 49 ఫైట్లలో అతన్ని 15 రౌండ్లు ఆడించింది ఈ ఒక్కడే. మూడు నెలలకే, సెప్టెంబరు 17న రెండోది. రెండో రౌండ్లో చార్ల్స్ కింద పడ్డాడు. లేచాడు. ఆరో రౌండ్లో మార్సియానో ముక్కు రంధ్రం పక్క చర్మం నిలువునా చీలింది. రక్తం ఆగదు. డాక్టర్ ఎప్పుడు ఆపుతాడో తెలియదు. ఇంకొన్ని రౌండ్లు చార్ల్స్ గడిపి ఉంటే ఒక్క ఓటమీ లేని 49-0 అనే అంకె ప్రపంచంలో ఉండేది కాదు. ఆ భయంతోనే మార్సియానో పిచ్చెక్కినట్టు మీద పడి ఎనిమిదో రౌండ్లో ముగించాడు. అప్పటికి చార్ల్స్‌కి 33. చేతుల్లో, కాళ్లలో ఎన్ని ఫైట్లు ఉన్నాయో మీరే లెక్కేసుకోండి.

25 ఓటముల్లో దాదాపు సగం ఈ రెండో మార్సియానో ఫైట్ తర్వాతవి. 1959 దాకా డబ్బు కోసం ఆడుతూ, ఎవరెవరి చేతుల్లోనో ఓడుతూ పోయాడు. అవి తీసి చూస్తే రికార్డు ఇంకోలా ఉంటుంది.

లెక్కలసార్
తీసి చూడటం కుదరదు. నచ్చని మార్కులు తీసేసి సగటు చెప్పమంటే మా పిల్లలంతా ఫస్ట్ క్లాసే. కానీ ఎప్పటి ఓటములు అన్నది చూడాలన్న మాటకు నేను అడ్డు చెప్పను.

ధర్మాబాద్ ఫిజియో
ఆ చివరి ఏళ్ల గురించి ఒక విషయం. చార్ల్స్‌కి తర్వాత ఏఎల్ఎస్ అనే జబ్బు వచ్చింది. కండరాలను ఆడించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. మెదడుకు అన్నీ తెలుస్తుంటాయి, ఒళ్లు మాట వినదు. చక్రాల కుర్చీకి చేరాడు. 1975 మే 28న షికాగోలో పోయాడు, 53 ఏళ్లకే. చివరి ఫైట్లలో కాళ్లు అలా అయిపోవడానికి ఈ జబ్బే కారణమని కొందరు అంటారు. నేనైతే ఆ మాట గట్టిగా చెప్పను. ఇది మామూలుగా కొన్నేళ్లలోనే ముదిరే జబ్బు, 1955 నాటి ఓటములను దానికి ముడిపెట్టడానికి ఆధారం కావాలి. అన్నేళ్లు దెబ్బలు తిన్న ఒళ్లు ముప్పై దాటాక నెమ్మదించడానికి వేరే జబ్బు అక్కర్లేదు.

తాలీం తాత
పైసలు?

ధర్మాబాద్ ఫిజియో
మిగల్లేదు తాతా. రిటైరయ్యాక రెజ్లింగ్ షోలు కూడా ఆడాడు. జబ్బు పడ్డాక వైద్యం ఖర్చుల కోసం బాక్సింగ్ వాళ్లే విరాళాల సభ పెట్టారు. పాత ప్రత్యర్థులు వచ్చి మాట్లాడారు. తను తలపడ్డవాళ్లలో అందరికంటే ధైర్యవంతుడు ఇతనే అని మార్సియానో అన్నాడు.

తాలీం తాత
నేను చెప్పలేదా, గెలిచినోడూ ఓడినోడూ ఒకే మాట చెప్తే ఇక వీడియో దేనికి?

48డిగ్రీలు
లూయిస్ ఫైట్ చూశా. మొత్తం 15 రౌండ్లు. నా మాట నాది, టైసన్ ముందు నిలబడడు. కానీ కోచ్ సార్ చెప్పిన ఆ పక్కకి జరగడం కనిపించింది. ఒకసారి కనబడ్డాక ప్రతి రౌండ్లో అదే కనబడుతోంది. ఇప్పటి కాలంలో అయితే ఏ బరువులో ఆడేవాడు?

కిన్వట్ కవిత
క్రూజర్‌వెయిట్. ఇప్పుడు దాని హద్దు 200 పౌండ్లు. అప్పట్లో 175 దాటితే నేరుగా హెవీవెయిటే, మధ్యలో మెట్టు లేదు. ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ కూడా క్రూజర్ నుంచే పైకొచ్చి 2024లో హెవీవెయిట్ చాంపియన్ ఫ్యూరీని ఓడించి బెల్ట్‌లన్నీ తీసుకున్నాడు.

లెక్కలసార్
ఉసిక్ ఆరడుగుల మూడంగుళాలు. చార్ల్స్ ఆరడుగులు. ఆ పోలిక నడవదు. క్రూజర్‌లో మాత్రం ఏలేవాడు, అది ఒప్పుకుంటా.

నైట్‌షిఫ్ట్‌వాలా
అందరూ చూడండి, సార్ ఏదో ఒప్పుకున్నారు. స్క్రీన్‌షాట్ తీశా.

మోడరేటర్
వ్యక్తిగత విజయోత్సవాలు ఇన్‌బాక్స్‌లో జరుపుకోండి. టాప్ టెన్ ఓటింగ్ మళ్లీ తెరుస్తున్నాను. ఈసారి హెవీవెయిట్‌కి ఒకటి, బరువుతో సంబంధం లేకుండా ఒకటి, రెండు లిస్టులు పెట్టండి.

లెక్కలసార్
హెవీవెయిట్‌లో చార్ల్స్‌కి నేను 12 లేదా 13 ఇస్తా, పదిలో పెట్టను. బరువుతో సంబంధం లేని లిస్టులో పదిలోపు. అంతకుమించి లాగకండి.

కిన్వట్ కవిత
హెవీవెయిట్‌లో మీకూ నాకూ పెద్ద తేడా లేదు సార్. రెండో లిస్టులో నాకు ఐదులోపు. రే రాబిన్సన్, హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్, హ్యారీ గ్రెబ్, ఆ తర్వాత ఇతనే. గ్రెబ్ ఫైట్ వీడియో కూడా అడగొద్దు 48, అది అసలే లేదు.

48డిగ్రీలు
వీడియోలు లేనివాళ్లంతా మీ లిస్టులోనే ఉన్నారక్కా.

సిరోంచ సీను
నా రెండు లిస్టుల్లోనూ బటర్‌బీన్. చార్ల్స్‌కి మ్యూజిక్ కోటాలో పదో స్థానం.

తాలీం తాత
నాకు లిస్టులు రావు. ఒకే పేరు రాస్తా, మా ఉస్తాద్‌ది.

రాజురా కోచ్
ఆదివారం పిల్లలకు చార్ల్స్ వీడియో వేస్తున్నా. లూయిస్ ఫైట్ మొత్తం వేస్తే గంట పైన పడుతుంది, చిన్నోళ్లు కూర్చోరు. ఏ రౌండ్లు చూపించమంటారు?

నైట్‌షిఫ్ట్‌వాలా
మొదటి మూడు, చివరి రెండు. మొదట్లో దూరం ఎలా కొలుచుకుంటాడో తెలుస్తుంది, చివర్లో అలిసిపోయినా కాళ్లు అదే పద్ధతిలో ఉంటాయి.

లెక్కలసార్
దాంతోపాటు 1951లో వాల్కాట్ పడేసిన ఏడో రౌండ్ కూడా వెయ్యండి కోచ్ గారూ. అంత తెలిసినోడు కూడా ఎక్కడ దొరికిపోయాడో పిల్లలు చూడాలి. ఆ ఒక్క ముక్క రెండు నిమిషాలు కూడా ఉండదు.

రాజురా కోచ్
రెండూ వేస్తా. ప్రొజెక్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మా దగ్గరున్నది బల్బు పోయింది.

48డిగ్రీలు
మా అన్న దగ్గర ఉంది. శనివారం రాత్రి తెచ్చిస్తా, కానీ టైసన్‌ది కూడా ఒకటి వెయ్యాలి.